అవి పర్యాయపదాలు కావు

2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో 'లే ఆఫ్' ప్రకటించారు. ఊరంతా అన్నది మాత్రం ఒకటే మాట: "ఫ్యాక్టరీ మూతపడ్డది." కొందరు లాకౌట్ అన్నారు, కొందరు క్లోజ్ చేసిండ్రు అన్నారు, ఇంకొందరు అందర్నీ తీసేసిండ్రు అన్నారు. హోటల్ ముందు చాయ్ తాగుతూ మేము కూడా అవన్నీ ఒకటే అయినట్టు మాట్లాడుకున్నాం. మేమంటే ఎవరో కాదు, బడిలో ఇంగ్లిష్ చెప్పే పంతుళ్లం.

అవి ఒకటి కావు. అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఒక్కో మాటకు ఒక్కో అర్థం రాసి పెట్టింది. లే ఆఫ్ అంటే ఉద్యోగం పోలేదు. ముడి సరుకు లేకనో, కరెంటు లేకనో, యంత్రం చెడిపోయో యజమాని పని చూపించలేకపోతున్నాడు, కార్మికుడి పేరు మాత్రం మస్టర్ రోల్‌లో అలాగే ఉంది. ఏడాది నిండిన కార్మికుడికి ఆ రోజులకు మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారంగా రావాలి. రిట్రెంచ్‌మెంట్ అంటే ఉద్యోగం తీసేయడం. నెల ముందు నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. క్లోజర్ అంటే శాశ్వతంగా మూసేయడం. లాకౌట్ అంటే కార్మికులతో తగాదా వచ్చినప్పుడు యజమాని తాత్కాలికంగా గేటుకు తాళం వేయడం. నాలుగు మాటలు, నాలుగు రకాల డబ్బు, నాలుగు రకాల కేసు. మన నోట్లో మాత్రం నాలుగూ కలిసి 'మూత'.

ఇంకో మాట ఉంది, దాని సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది: 'సీజనల్'. ఒక సంస్థది సీజనల్ స్వభావం అని తేలితే, అదే చట్టంలో లే ఆఫ్ పరిహారపు సెక్షన్లు దానికి వర్తించవు. పరిహారం దొరికే చోట కూడా బద్లీ, క్యాజువల్ అనే రెండు మాటలు కొందరిని బయట నిలబెడతాయి. చెరుకు ఆడేదే సంవత్సరంలో కొన్ని నెలలు. అలాంటి ప్రాంతంలో ఈ మూడు మాటల బరువు ఎంతో వేరే చెప్పాలా? మన తండాల నుంచి, వాడల నుంచి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోయినవాళ్లలో పర్మనెంట్ ఎందరు, క్యాజువల్ ఎందరు అన్నది ప్రతి ఇంటికీ తెలుసు.

2002లో అదే ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయినప్పుడు కాగితం మీద రాసిన మాట 'జాయింట్ వెంచర్'. జనం అన్నది "అమ్మేసిండ్రు". 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ నుంచి వచ్చిన మాట 'లిక్విడేషన్'. మళ్లీ జనం అన్నది "మూత". జనం తప్పు లేదు, వాళ్ల మాటలో కడుపు మంట ఉంది. కానీ దరఖాస్తు మీద కడుపు మంట రాస్తే గుమాస్తా తీసుకోడు. అక్కడ సరైన మాట కావాలి. ఆ సరైన మాటను ఏరుకోవడం బడిలో నేర్పాలి. మేము నేర్పలేదు. ఈ వ్యాసం మొదట మా మీద మేము వేసుకుంటున్న నింద, ఆ తర్వాతే ఇంకెవరి మీదైనా.

మా తరగతి గదిలో ఏం జరుగుతుందో చెబుతాం. పాఠం చివర 'సినానిమ్స్' అని ఉంటుంది. బోర్డు మీద నిలువు గీత గీస్తాం. ఎడమవైపు ఒక మాట, మధ్యలో సమాన చిహ్నం, కుడివైపు ఇంకో మాట. పిల్లలు ఎక్కించుకుంటారు, బట్టీ పడతారు, బిట్ పేపర్లో మార్కు వస్తుంది. ఆ సమాన చిహ్నమే అబద్ధం. లెక్కల మాస్టారు వేసే సమాన చిహ్నం నిజం, ఇంగ్లిష్ మాస్టారు వేసేది ఎప్పుడోగాని నిజం కాదు. రెండు మాటలు నూటికి నూరుపాళ్లు ఒకటే అయితే ఏ భాషా ఆ రెండింటినీ చాలాకాలం మోయదు. ఒకటి రాలిపోతుంది, లేదా ఇంకో పనికి పోతుంది.

పైగా మన పిల్లలకు ఇంగ్లిష్ నేరుగా రాదు. లంబాడీ ఇంట్లో, గోండి ఇంట్లో, ఎరుకల ఇంట్లో పుట్టిన పిల్ల ముందు బడి తెలుగు నేర్చుకుంటుంది. ఆ తెలుగు మీదుగా ఇంగ్లిష్‌కు నడుస్తుంది. రెండు వాగులు దాటాలి. తెలుగులో ఒకే మాట ఉన్న చోట ఇంగ్లిష్‌లో రెండు ఉంటే రెండో వాగులో ఒకటి కొట్టుకుపోతుంది. 'చూడు' అని చెప్పి సీ, లుక్, వాచ్ మూడింటినీ ఒకే మూటలో కడతాం. 'విను' అని హియర్‌నూ లిజన్‌నూ. 'అప్పు' అని బారోనూ లెండ్‌నూ.

ఈ చివరి జంట మాకు ఒక గుణపాఠం చెప్పింది. ఎనిమిదో తరగతిలో ఇంటి గురించి పది వాక్యాలు రాయమన్నాం. ఒక అమ్మాయి, మా నాన్న సేటుకు 20 వేలు 'లెండ్' చేశాడు, ఇప్పుడు తీర్చలేక బాధపడుతున్నాడు అని రాసింది. కాగితం మీద ఆమె తండ్రి సేటుకు అప్పిచ్చినవాడయ్యాడు. స్టాఫ్ రూంలో నవ్వుకున్నాం. కాసేపటికి మాలో ఒకరు అన్నారు, "ఈ పిల్ల చేతిలో మాట తిరగబడితే నవ్వినం. సేటు చేతిలో తిరగబడితే?" నవ్వు ఆగింది. ఎరువుల అప్పుకు, కోత అడ్వాన్సుకు, గల్ఫ్ వీసాకు మనవాళ్లు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఎవరు ఎవరికి ఏం ఇచ్చినట్టు రాసి ఉందో ఎవరు చదివారు?

అడ్వాన్సు మాటే తీసుకోండి. మంజీర దాటి మహారాష్ట్ర వైపు చెరుకు కోతకు పోయే జంటను అక్కడ 'కోయ్తా' అని లెక్కపెడతారు. కోయ్తా అంటే కొడవలి. మొగుడూ పెళ్లామూ కలిస్తే ఒక కొడవలి. సీజను ముందు వాళ్లకిచ్చే డబ్బు 'ఉచల్', మన దిక్కు అడ్వాన్సు. పని చేసి తీర్చాల్సింది కాబట్టి అది కూలీలో భాగమేనని మనవాళ్లు అనుకుంటారు. అది అప్పు అని ముకద్దం అనుకుంటాడు. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 'అడ్వాన్స్' అనే మాటకు ప్రత్యేకంగా నిర్వచనం ఇచ్చింది. దానికి బదులుగా మనిషి స్వేచ్ఛ పోయిందా, నచ్చిన చోట పనిచేసే హక్కు పోయిందా అన్నది చూసి, పోతే ఆ బాకీ తీర్చనక్కర్లేదని చెప్పింది. వేజ్, అడ్వాన్స్, లోన్ మూడూ 'పైసలే' అని చదువుకున్న పిల్లవాడు ఆ చట్టం తలుపు దాకా ఎలా పోతాడు?

మన పిల్లలకు ఈ తెలివి లేదని మాత్రం ఎవరూ అనొద్దు. ఇంగ్లిష్‌లో 'రైస్' ఒక్కటే. మన ఇంట్లో నాలుగేళ్ల పిల్ల కూడా వడ్లను బియ్యమనదు, బియ్యాన్ని అన్నమనదు. కల్లంలో ఒకటి, చాటలో ఒకటి, కంచంలో ఒకటి. ఇంగ్లిష్‌లో 'అంకుల్' ఒక్కటే. బాబాయిని మామ అని పిలిస్తే ఏమవుతుందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. దగ్గర దగ్గర మాటల్లోంచి సరైనదాన్ని ఏరుకోవడం ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే. బడికి వచ్చాక ఆ పని మాన్పించి సమాన చిహ్నం నేర్పుతున్నది మేము.

బోధన్ పిల్లలకు ఇంగ్లిష్ మాటలూ కొత్తవి కావు. 'క్యాంపు' అని అడిగి చూడండి. వర్ని, కోటగిరి, రుద్రూర్ దిక్కు పిల్లలైతే నిజాంసాగర్ కాలువ కింద కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు అంటారు. తండ్రి దుబాయిలో ఉన్న పిల్ల కూలీలు పడుకునే గది అంటుంది. ఇంకొకడు కళ్ల డాక్టరు వచ్చేది అంటాడు. ముగ్గురూ కరెక్టే. 'రికవరీ' అనండి. చెరుకు రైతు కొడుకు ఫ్యాక్టరీలో క్వింటాలుకు ఎంత చక్కెర దిగిందో చెప్పే లెక్క అంటాడు. 2024-25 సీజనుకు కేంద్రం చెరుకు ధర క్వింటాలుకు 340 రూపాయలు అన్నది 10.25 శాతం రికవరీ మీద లెక్కగట్టే. అప్పున్న ఇంటి పిల్ల రికవరీ అంటే బ్యాంకోళ్లు ఇంటికొచ్చుడు అంటుంది. దవాఖానాలో మాత్రం అదే మాటకు జబ్బు తగ్గుడు. ఒక మాట మూడు ముఖాలు ఎట్లా పెట్టుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ గైడులో ఉంది?

ఆ చెరుకు ధర పేరు కూడా ఊరికే రాలేదు. 2009 దాకా దాన్ని 'స్టాట్యుటరీ మినిమమ్ ప్రైస్' అనేవారు, అంటే చట్టం చెప్పిన కనీస ధర. ఆ తర్వాత 'ఫెయిర్ అండ్ రెమ్యూనరేటివ్ ప్రైస్' అయింది, అంటే న్యాయమైన, గిట్టుబాటయ్యే ధర. కనీసం, న్యాయం, గిట్టుబాటు మూడు వేరు వేరు వాగ్దానాలు. పేరులో న్యాయం అని రాసినవాళ్లను ఆ మాట పట్టుకుని అడగొచ్చు. కానీ ముందు ఆ మాట అక్కడ ఉందని తెలియాలి కదా.

భూమి దగ్గరికి వద్దాం. ఇది మన అందరి సంగతి. సిరికొండ, ఇందల్వాయి అడవి అంచున పోడు చేసుకునేవాళ్లను అడవి శాఖ కాగితం 'ఎన్‌క్రోచర్' అంటుంది, అంటే ఆక్రమించినవాడు. 2006 అటవీ హక్కుల చట్టం అదే భూమిని 'ఆక్యుపేషన్'లో ఉన్నది అంటుంది, అంటే సాగులో, స్వాధీనంలో ఉన్నది. రెంటికీ తెలుగులో 'కబ్జా' అనేస్తాం. మన నోటితో మనమే "కబ్జా చేసుకున్న భూమి" అని అధికారి ముందు చెప్పి నేరం ఒప్పుకుంటాం. అదే చట్టం హక్కులను 'రికగ్నైజ్' చేస్తానంటుంది, 'గ్రాంట్' చేస్తాననదు. ఉన్న హక్కును గుర్తించడం వేరు, లేనిదాన్ని దయతలచి ఇవ్వడం వేరు. 2023 జూన్‌లో రాష్ట్రంలో పోడు పట్టాలు ఇచ్చినప్పుడు ఎక్కడ చూసినా 'పంపిణీ' అన్న మాటే. చీరలు పంపిణీ, గొర్రెలు పంపిణీ, పట్టాలు పంపిణీ. ఆ మాటకు మనమూ చప్పట్లు కొట్టినం.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు క్లెయిములు 'రిజెక్ట్' అయినవాళ్లను ఖాళీ చేయించమంది. ఆ నెల 28న ఆ ఉత్తర్వును నిలిపింది. ఆ పదిహేను రోజులు రిజెక్టెడ్, పెండింగ్, రిటర్న్‌డ్ అనే మూడు మాటల మధ్య లక్షల కుటుంబాలు నిలబడ్డాయి. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాడిని తనిఖీ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించొద్దని చట్టంలోనే ఉంది. సరిచేసి ఇమ్మని వాపసు పంపితే అది తిరస్కారం కాదు. ఇంటి పెద్ద మాత్రం అన్నిటికీ ఒకటే చెబుతాడు: "కాలేదు సార్." ఏం కాలేదు? ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఆ కాగితం చూసి ఏం కాలేదో చెప్పగలగాలి. మేము కోరే ఇంగ్లిష్ ఇది.

'కన్సల్ట్', 'కన్సెంట్' కూడా అలాంటి జంటే. చెవికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను కన్సల్ట్ చేయాలంది. 2013 భూసేకరణ చట్టం కన్సెంట్ తీసుకోవాలంది. మొదటిది అడగడం, రెండోది ఒప్పించుకోవడం. అడిగి కూడా తన ఇష్టం చేసుకోవచ్చు, ఒప్పుకోకపోతే మాత్రం ఆగాల్సిందే. మధ్యలో పదిహేడేళ్లు గడిచాయి. ఒక్క మాట మారడానికి ఎన్ని ఊళ్లు ఊరేగింపులు తీశాయో, ఎన్ని ఊళ్లు మునిగాయో గుర్తుపెట్టుకోండి.

'పర్సన్' అనే మాట ఐదో తరగతిలో వస్తుంది. వ్యక్తి అని చెప్పి ముందుకు పోతాం. విశాఖ మన్యంలో బొర్రా దిక్కు గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకు పోతే, చివరికి తేలాల్సిన వాటిలో ఈ మాట ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'పర్సన్' అయినా గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదని 1/70 నిబంధన చెబుతుంది. ప్రభుత్వం పర్సనా, కాదా? 1997 జూలై 11న సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా పర్సనే అంది. అంతే, సర్కారు ఇచ్చిన లీజులు చెల్లకుండా పోయాయి. మన జాతి మొత్తానికి ఇంత మేలు చేసిన ఇంగ్లిష్ పాఠం ఇంకోటి మాకు తెలియదు. అది ఏ ఇంగ్లిష్ వాచకంలోనూ మాకు కనబడలేదు.

ఇక్కడ నిజామాబాద్ వాళ్లం ఒక విషయం చెప్పాలి. మనం 'షెడ్యూల్డ్' తెగలం, నిజమే. మన జిల్లా 'షెడ్యూల్డ్' ప్రాంతం కాదు. మాట ఒకటే, జాబితాలు రెండు. ఒకటి మనుషులది, ఒకటి నేలది. మన మనుషులు జాబితాలో ఉన్నారు, మన నేల లేదు. అందుకే ఇక్కడ 1/70 లేదు. ఆదిలాబాద్ బంధువు చెప్పిన ధైర్యంతో బోధన్‌లో భూమి తగాదాకు పోయి మొండిచెయ్యి చూసినవాళ్లున్నారు. మన పేరు సంగతీ అంతే. గిరిజనులు అంటారు, ఈ చెరుకు మాగాణిలో గిరి ఎక్కడుందో మాకైతే కనబడలేదు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా 'బన్‌జాతి' అనే మాట వద్దని, ఆదివాసీ అనే మాటే కావాలని పట్టుబట్టింది ఊరికే కాదు. మన కంటే ముందే మాటల మధ్య తేడా కోసం కొట్లాడినవాడాయన.

ఇక నుడికారాల సంగతి. పోటీ పరీక్షల కోసం నిజామాబాద్ పుస్తకాల దుకాణాల్లో అమ్మే గైడుల్లో వందల జాతీయాలుంటాయి. పిల్లులు, కుక్కలు కురిసిన వాన. నీలి చందమామ. తన్నిన బకెట్టు. మన పిల్లలు వాటిని పొద్దున్నే లేచి వల్లిస్తారు. ఈ వానను గురించి ఇంగ్లండులో ఇప్పుడు ఎవరైనా అలా మాట్లాడుకుంటారో లేదో మాకు అనుమానమే. ఉద్యోగంలో, ఫోనులో, నోటీసులో మన పిల్లల నెత్తిన పడేవి వేరే ఉన్నాయి. అవి చిన్న చిన్న మాటలతో ఉంటాయి, అందుకే ఎవరూ నేర్పరు. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా, 'కాల్ ఆఫ్' అంటే రద్దు. ఇంటర్వ్యూ ఏమైందని అడిగితే ఈ రెండింటిలో ఏది అన్నారో చెప్పలేని డిగ్రీ పిల్లలున్నారు. 'అంటిల్ ఫర్దర్ నోటీస్' అంటే ఇంకో నోటీసు తప్పక వస్తుందని ఎదురుచూస్తారు. 'వీ విల్ గెట్ బ్యాక్ టు యూ' అంటే తిరిగి ఫోన్ చేస్తారని నెల రోజులు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటారు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి హైదరాబాద్‌లో సామాన్లు ప్యాక్ చేసే గోదాములో చేరాడు. తీజ్ ముందు ఒకరోజు ఆఫీసులోకి పిలిచి ఇంగ్లిష్‌లో ఏదో చెప్పి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. వాడికి అందులో 'లెట్ యూ గో' అన్నది అర్థమైంది. 'పోనిస్తున్నాం' అన్నారు. పండక్కి సెలవిచ్చారని సంబురంగా తండాకొచ్చాడు, మాకు స్వీటు కూడా తెచ్చాడు. పది రోజుల తర్వాత పోతే కార్డు పనిచేయలేదు. సంతకం చేసిన కాగితం ఫోటో మాకు పంపాడు. అందులో 'టెర్మినేట్' అన్న మాట లేదు, 'రిజైన్' అని ఉంది. ముందు 'వాలంటరిలీ' అని కూడా ఉంది. పనిలోంచి తీసేస్తే అడగడానికి కొంతైనా దారి ఉంటుంది. తనకు తాను మానేసినవాడు ఏమని అడుగుతాడు? వాడు పదో తరగతి ఇంగ్లిష్‌లో మంచి గ్రేడు తెచ్చుకున్న పిల్లవాడు. ఆ గ్రేడు వేసింది మేమే.

గల్ఫ్‌కు పోయే ఊళ్లలో ఇది ఇంకా లోతైన గాయం. తెలుగులో 'వలస' ఒక్కటే. ఎయిర్‌పోర్టులో ఎమిగ్రేషన్ అంటే పోయేవాడిది, ఇమ్మిగ్రేషన్ అంటే వచ్చేవాడిది. విజిట్ వీసాకూ ఎంప్లాయ్‌మెంట్ వీసాకూ మధ్య ఉన్న తేడా ఏజెంటుకు బాగా తెలుసు, అందుకే చెప్పడు. 'ఫైనల్ ఎగ్జిట్' అంటే పని అక్కడితో అయిపోయింది. 'ఎగ్జిట్ రీ-ఎంట్రీ' అంటే గడువులోగా తిరిగి పోవాలి. రెండింటికీ ఇంట్లో "వస్తుండు" అంటారు. అరబ్బీలో 'వదిలెయ్, పోనీ' అని అర్థమొచ్చే మాటను మనవాళ్లు 'ఖల్లివెల్లి' చేసుకున్నారు. యజమానిని వదిలి కాగితాలు లేకుండా బతుకుతున్నవాడు ఖల్లివెల్లి అయ్యాడంటారు. ఆ మాటలో జాలి ఉంది, తోటి మనిషి ఉన్నాడు. అదే మనిషిని అక్కడి రికార్డు 'అబ్‌స్కాండింగ్' అంటుంది, అంటే పరారీ. జీతం ఇవ్వని కఫీల్ దగ్గర్నుంచి బయటపడినవాడు కాగితం మీద పారిపోయిన నేరస్తుడు. ఒక మాట నుంచి ఇంకో మాటకు మారేసరికి మనిషే మారిపోయాడు. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదన్నది నియమం. చదువుకున్నవాడు కాగితం చదువుకోగలడని సర్కారు నమ్మకం కావచ్చు. మేము పాస్ చేయించిన పిల్లలను చూస్తే ఆ నమ్మకం మాకు లేదు.

నుడికారం పిల్లలకు అర్థం కాదన్నది కూడా అబద్ధమే. "మా పొట్ట కొట్టిండ్రు" అన్న పిల్లవాడి పొట్ట మీద ఎవరూ గుద్దలేదని వాడికి తెలుసు. "సర్కారు చేతులెత్తేసింది" అంటే సర్కారుకు చేతులెక్కడివని ఎవరూ అడగరు. మాటను మాటగా కాకుండా దాని వెనక ఉన్న పనిగా చూడడం వాళ్లకు వచ్చు. 'లెట్ యూ గో' దగ్గర ఆగి, "ఇది పొట్ట కొట్టుడా, సెలవిచ్చుడా?" అని అడిగి ఉంటే ఆ అబ్బాయి తడుముకునేవాడు కాదు. మేము అడగలేదు. బకెట్టు తన్నించాం.

మమ్మల్ని విమర్శించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఒకరు: ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, ఇంకేం కావాలి? 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియమే, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. మేము దాన్ని వద్దనలేదు. మన పిల్లలకు ఇంగ్లిష్ ఎందుకనే పెద్దమనుషుల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాకు తెలుసు. కానీ ఎదురెదురు పేజీలు కూడా ఒక పెద్ద సమాన చిహ్నమే. ఈ పేజీలో ఉన్నదే ఆ పేజీలో ఉందని పిల్ల నమ్ముతుంది. రెండు పేజీల మధ్య జారిపోయినదాన్ని పట్టుకోవడం ఎవరు నేర్పాలి? మీడియం మారిస్తే వాగు మారుతుంది, ఈత రాదు.

ఇంకొకరు మన సంఘాల్లోని అన్నలే: మన భాషలే పోతుంటే ఇంగ్లిష్ మాటల మధ్య తేడాలు మనకెందుకు? అన్నలారా, మీ బాధ మా బాధ. కానీ ఆ తేడాను పట్టుకునే పనిముట్టు మన భాషల్లోనే ఉంది. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. సరిహద్దు అవతల మరాఠీలో 'ఆమ్హీ' వేరు, 'ఆపణ్' వేరు. ఇంగ్లిష్‌లో 'వీ' ఒక్కటే. సర్కారు పెద్దలు 'వీ' అన్నప్పుడు అందులో మనం ఉన్నామా లేమా అని అడగడం తెలుగు వచ్చిన పిల్లకే సాధ్యం, ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన పిల్లకు ఆ ప్రశ్నే తట్టదు. మా బడిలో ఒక అమ్మాయి పుస్తకం మొదటి పేజీలో రాజ్యాంగ పీఠిక చదివి, "సార్, ఇండ్ల 'మనం' అని ఎందుకు రాయలే, 'మేము' అని ఎందుకు రాసిండ్రు?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. రెండేళ్లయినా ఆ ప్రశ్న స్టాఫ్ రూంలో నడుస్తూనే ఉంది. తల్లిభాషను తరగతి గది బయట చెప్పులతో పాటు విడిచి రమ్మంటే ఇలాంటి ప్రశ్నలు కూడా బయటే ఉండిపోతాయి.

మూడో మాట తోటి పంతుళ్లది: సిలబస్ కావాలి, రిజల్టు కావాలి, టైం ఎక్కడిది? టైం లేదు, నిజమే. సమాన చిహ్నం చెరిపేయడానికి టైం పట్టదు. దాని స్థానంలో ఒక ప్రశ్న గుర్తు పెడితే చాలు: ఈ రెండు మాటల్లో ఒకటి రాస్తే ఎవరికి లాభం, ఇంకోటి రాస్తే ఎవరికి లాభం? డి.ఎడ్.లో మాకు ఎన్నో పద్ధతులు చెప్పారు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం శక్కర్‌నగర్ గేటు చెప్పింది.

మేము కొందరం మొదలుపెట్టింది చిన్నదే. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలు ఇంటి నుంచి ఒక కాగితం తెస్తారు. బ్యాంకు నోటీసు, రేషన్ కార్డు వాపసు చీటీ, వీసా కాపీ, పోడు క్లెయిము రసీదు, ఏదైనా. పేర్లు, నంబర్లు మీద చెయ్యి పెట్టి మూసి చదువుతాం, ఎవరి ఇంటి గుట్టూ బయట పడకూడదు. అందులో ఒక్క మాట తీసుకుని, దాని పక్కన ఇంకే మాట ఉండొచ్చు, అది ఉంటే ఏం మారేది అని అడుగుతాం. ముందు ఇంటి భాషలో చెప్పమంటాం, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో. ఎరుకల పిల్ల చెప్పింది లంబాడీ పిల్లకు అర్థం కాకపోతే నవ్వుకుంటారు, మళ్లీ చెబుతారు. కొన్ని మాటలు మాకూ తెలియవు. అప్పుడు తెలియదని చెప్పి, బోధన్ కోర్టు దగ్గర మనకు తెలిసిన వకీలును అడిగి వచ్చే శనివారం చెబుతాం.

ఇప్పటికి మా నోటుబుక్కులో అరవై దాకా జంటలున్నాయి. ఆదిలాబాద్, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు టీచర్ల దగ్గర వేరే ఉంటాయి. అడవి శాఖవి, ఐటీడీఏవి, గనులవి మాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఈ పుస్తకం చదివే యువకులు మీ ఇంటి ట్రంకు పెట్టెలో ఉన్న కాగితాల్లో ఒక్కటి తీసి చూడండి, అర్థం కాని మాట రాసి పంపండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా అన్నీ ఒకచోట కలిపి, ఒక్కో జంటకూ మన ఊళ్లలో జరిగిన ఒక్కో సంగతి పక్కన రాసి, చేతితోనైనా సరే ఒక పుస్తకం కుడదాం. మొదటి పేజీలో 'లే ఆఫ్' ఉంటుంది.